యేల్ మీనియేచర్‌లో (చిట్టి చిత్రపటంలో) ఉన్నది, 1553లో తొమ్మిది రోజులు ఇంగ్లండ్ రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రేయేనా? గీసింది లెవీనా టీర్లింకేనా?

రెండూ ఊహలే. మొదటిది మరీ బలహీనం.

అమెరికాలోని యేల్ బ్రిటిష్ కళాకేంద్రంలో ఉన్న ఈ గుండ్రటి బొమ్మ అరచేతిలో ఇమిడిపోతుంది. నీలి నేపథ్యం మీద బంగారు అక్షరాల్లో వయసు మాత్రం రాశారు: 18. పేరు లేదు, సంతకం లేదు. ఒకప్పుడు ఈమెను యువరాణి ఎలిజబెత్ (తర్వాతి మొదటి ఎలిజబెత్ రాణి) కావచ్చన్నారు. 2007లో చరిత్రకారుడు డేవిడ్ స్టార్కీ జేన్ అన్నాడు. ఛాతీ మీది బ్రోచ్ (దుస్తులకు గుచ్చుకునే నగ) జేన్ నగల జాబితాలో ఉందని, దాని వెనక దోపిన పూలు భర్త గిల్ఫర్డ్ డడ్లీకి గుర్తని ఆయన వాదన. కానీ అలాంటి బ్రోచ్‌లు ఆనాటి గొప్పింటి ఆడవాళ్లలో ఇంకెందరికో ఉండేవి. పైగా 1554 ఫిబ్రవరిలో తల నరికేనాటికి జేన్‌కు పదహారో పదిహేడో. 18 అన్నది నిండిన వయసు కాదు, నడుస్తున్న సంవత్సరం అని లెక్కేసినా అతికీ అతకనట్టే ఉంటుంది.

ఇక టీర్లింక్ సంగతి. ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగర చిత్రకారుడు సైమన్ బెనింగ్ కూతురు. ఇంగ్లండ్ ఆస్థానంలో ఏడాదికి 40 పౌండ్ల జీతం. జీతం లెక్కలున్నాయి గానీ, ఆమె సంతకమున్న మీనియేచర్ ఒక్కటీ దొరకలేదు. సన్నటి చేతులు, పెద్ద తల కనిపిస్తే చాలు, ఆమె ఖాతాలో వేసేస్తున్నారు. పోల్చడానికి అసలు నమూనాయే లేనప్పుడు "టీర్లింక్ శైలి" అనడం నాకు మింగుడుపడదు.