రెండొందల మంది ఉన్న ప్రేరీ పల్లెలో పెట్రోల్ బంకు, కొట్టు కొనొచ్చా?

"కెనడాలోని బ్రాంప్టన్‌లో ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ప్రేరీ అనే మైదానాల ప్రాంతంలోని సాస్కచెవాన్ రాష్ట్రంలో 200 మంది ఉన్న ఒక పల్లెలో పెట్రోల్ బంకు, కిరాణా కొట్టు, వెనక ఇల్లు అన్నీ కలిపి ఇక్కడి చిన్న కాండో (ఫ్లాట్) కన్నా తక్కువకే వస్తున్నాయి. వెళ్లొచ్చా, అక్కడ బతకగలమా?" అని అడిగారు.

మేం 2018 మే నెలలో సరిగ్గా ఇదే పని చేశాం, అదీ మీ బ్రాంప్టన్ నుంచే. ఏడు చలికాలాలు గడిచాయి. బతకొచ్చండీ. అప్పు తీర్చుకోవచ్చు, పిల్లల్ని పెంచుకోవచ్చు. కాకపోతే ఉండిపోవడానికి మీ ఇద్దరూ మనస్ఫూర్తిగా సిద్ధపడితేనే వెళ్లండి. మూడేళ్లు నడిపి అమ్మేసి వద్దాం అనే లెక్కతో వెళ్తే మీ డబ్బూ పోతుంది, ఆ ఊరికి మిగిలిన ఒక్క కొట్టూ పోతుంది. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

మా ఊరు సాస్కటూన్ నుంచి కాల్గరీ వెళ్లే ఏడో నంబర్ హైవేకి కాస్త పక్కగా, రోజ్‌టౌన్ పరిసరాల్లో ఉంటుంది. పేరు రాయను. ఇంత చిన్న ఊరి పేరు చెప్తే మనుషుల పేర్లు చెప్పినట్టే. చుట్టూ కొండన్నది లేదు. గళ్ల కాగితంలా ఒక వైపు మైలుకొక మట్టిరోడ్డు, ఇంకో వైపు రెండు మైళ్లకొకటి. భూమినంతా 640 ఎకరాల గళ్లుగా కొలిచారు, ఒక్కో గడిని సెక్షను అంటారు. 1872లో వచ్చిన చట్టం ప్రకారం పది డాలర్లు కట్టి, భూమి సాగులోకి తెచ్చినవాళ్లకు 160 ఎకరాలు ఇచ్చేవారు. అప్పుడు గడికి రెండు మూడు కుటుంబాలుండేవి. గుర్రపు బళ్ల మీద గోధుమలు తోలాలి కాబట్టి రైలు పట్టాల వెంట ఎనిమిది, పది మైళ్లకో స్టేషను, దాని పక్కన కొయ్యతో కట్టిన ఎత్తైన ధాన్యం గోదాము, దాని చుట్టూ ఒక ఊరు. ఇప్పుడు ఒకే కుటుంబం ఐదారు వేల ఎకరాలు చేస్తోంది. 1995లో ధాన్యం రవాణాకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ పోయింది, చిన్న లైన్లు ఒక్కొక్కటే మూసేశారు, లారీలు దూరాన ఉన్న పెద్ద కాంక్రీటు టెర్మినళ్లకే వెళ్తున్నాయి. మీరు చూసిన ధర అంత తక్కువగా ఉండడానికి కారణం ఇదే. అమ్మేవాడు మోసం చేస్తున్నాడని అనుకోనక్కర్లేదు. అలాగని చవగ్గా దొరికిందని మురిసిపోకండి. తిరిగి అమ్మాల్సి వస్తే మీకూ అదే ధర, అదీ కొనేవాళ్లు దొరికితే.

మేం కొట్టు తీసుకున్న మూడో రోజు సంగతి చెప్తాను. పొద్దున ఆరున్నరకల్లా ఏడెనిమిది మంది రైతులు వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. దాన్ని ఇక్కడ "కాఫీ రో" అంటారు. ఎవరి కప్పు వాళ్లదే, గోడకి మేకులకు వేలాడుతుంటాయి. కాఫీ ఎవరికి వాళ్లే పోసుకుంటారు. చివర్లో తోలు డబ్బాలో పాచికలు వేసి గిలకరించి బల్ల మీద టక్కున బోర్లిస్తారు, ఓడినవాళ్లు అందరి కాఫీకీ డబ్బులు పెడతారు. ఆ రోజు ఒక పెద్దాయన నన్ను పిలిచి, "మీ ఇండియా మా మసూర్ మీద సుంకం ఎప్పుడు తీసేస్తుంది?" అని అడిగారు. నాకేమీ అర్థం కాలేదు. రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. 2017 నవంబరులో మన ప్రభుత్వం బఠానీల మీద 50 శాతం, డిసెంబరులో మసూర్, శనగల మీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. కెనడాలో పండే మసూర్‌లో చాలా భాగం ఈ ఒక్క ప్రావిన్స్‌దే. మా కొట్టుకొచ్చే రైతుల పంట అప్పటికింకా బిన్నుల్లోనే (ధాన్యం నిల్వచేసే పెద్ద డబ్బాల్లో) ఉండిపోయింది. మర్నాడు నేనే వెళ్లి, ఇండియాలో ఆ రెండేళ్లూ పప్పులు బాగా పండాయనీ, అక్కడి రైతుకు ధర పడిపోతోందనీ చెప్పాను. మాది పర్చూరు దగ్గర పల్లె, శనగ రైతు బాధ నేను చూసిందే. పెద్దాయన అంతా విని తలూపారు. పక్కనున్న ఇంకొకాయన మాత్రం, "అది సరే, మీరు ఉంటారా?" అన్నారు.

ఆ తర్వాత ఈ ప్రశ్న ఎంతమంది నోట విన్నానో. మాకు ముందు నాలుగేళ్లలో ఇద్దరు యజమానులు వచ్చి వెళ్లిపోయారట. ఒకరైతే రైతులకు చెప్పకుండానే తాళం వేసి వెళ్లారు. అందుకే మొదటి ఏడాది కొందరు మా తలుపు ముందు నుంచే బండి పోనిచ్చి 40 కిలోమీటర్లు వెళ్లి పాలు కొనుక్కొచ్చేవాళ్లు. మన రంగు చూసి రావట్లేదేమోనని నేను చాలా కుమిలిపోయాను. ఒకరిద్దరి విషయంలో అదే నిజం కావచ్చు. తక్కినవాళ్లు ఈ చలికాలం దాకా చూద్దాం అని ఆగినవాళ్లే.

చలికాలం అంటే బ్రాంప్టన్‌లో మీరు చూసేది కాదు. జనవరిలో మైనస్ 38 ఉన్న పొద్దున పెట్రోల్ పంపు మీద అంకెలు కూడా మెల్లగా మారతాయి. ఇంజనును వెచ్చగా ఉంచే హీటరు కోసం ప్రతి బండికీ ముందు నుంచి కరెంటు తీగ వేలాడుతూ ఉంటుంది, రాత్రి ప్లగ్ పెట్టకపోతే ఇంజను కదలదు. మా మొదటి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మంచు తుఫాను వచ్చి హైవే మూసేశారు. ఇద్దరు లారీ డ్రైవర్లు, చంటిబిడ్డతో ఉన్న ఒక జంట మా కొట్టులోనే చిక్కుకుపోయారు. మా ఆయన రాత్రంతా లైట్లు ఆర్పకుండా మెలకువగా ఉన్నారు. నేను బియ్యం, పెసరపప్పు వేసి పెద్ద గిన్నెడు పులగం వండాను, బిడ్డకి మా పరుపు ఇచ్చాం. తెల్లవారేసరికి కొట్టు ముందు మనిషెత్తు మంచు. ఎవరూ పిలవకుండానే ఒక రైతు ట్రాక్టర్ తెచ్చి దారి తీశాడు. అతని వెనకే, తొమ్మిది నెలలుగా మా మెట్లెక్కని ఒకావిడ వచ్చి రెండు లీటర్ల పాలు తీసుకుంది. డబ్బులిస్తూ, "ఉంటున్నారన్నమాట" అంది. అంతే. ఆ వసంతం నుంచి మా అమ్మకాలు మారాయి.

ఇక లెక్కల సంగతి. పెట్రోల్ మీద మిగిలేది లీటరుకి కొన్ని సెంట్లు, అందులో కార్డు చార్జీలు కొంత తినేస్తాయి. చుట్టూ వేల ఎకరాలు దున్నుతున్నారు కదా, డీజిల్ బాగా పోతుందని మేం అనుకున్నాం. పొరపాటు. వ్యవసాయానికి వాడే రంగు కలిపిన డీజిల్ ట్యాంకర్‌లో నేరుగా వాళ్ల పొలాలకే వెళ్తుంది. సరుకు లారీ వారానికి ఒకసారి వస్తుంది, ఇంత మొత్తానికి తగ్గకుండా ఆర్డరు పెట్టాలి. రెండొందల మంది ఉన్న ఊళ్లో ఆ పాలు, బ్రెడ్డు తేదీ దాటకుండా అమ్మడమే మొదటి ఏడాది పెద్ద చదువు. మమ్మల్ని నిలబెట్టినవి రెండు. ఒకటి కొట్టులోనే ఉన్న పోస్టాఫీసు కౌంటరు. ఇక్కడ ఇంటికి ఉత్తరం రాదు, అందరూ వచ్చి తమ పెట్టెలోంచి ఉత్తరాలు తీసుకోవాల్సిందే. ఆ కాంట్రాక్టు మీకూ బదిలీ అవుతుందో లేదో కాగితం మీద రాయించుకోండి. రెండోది కోతల కాలం వంట. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కంబైన్లు (కోత యంత్రాలు) అర్ధరాత్రి వరకూ తిరుగుతాయి, ఇంట్లో వండే తీరిక ఎవరికీ ఉండదు. సాయంత్రం ఐదింటికి పాతిక ముప్పై భోజనాలు కట్టి నేనే పొలాలకు పట్టుకెళ్తాను. పొలాలకు వీధి పేర్లుండవు. "సౌత్‌వెస్ట్ 14" అంటారు, అంటే పద్నాలుగో సెక్షనులో నైరుతి మూల. గళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి.

అరువు ఇవ్వకుండా ఈ వ్యాపారం సాగదు. మా నాన్న కొట్టులో మిర్చి అమ్మాక కాతాలు తీరేవి. ఇక్కడ మేలో విత్తేటప్పుడు మొదలైన కాతా అక్టోబరులో ధాన్యం అమ్మాక తీరుతుంది. నాకిది చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతే కాబట్టి భయపడలేదు. ఏడేళ్లలో ఎగ్గొట్టింది ఇద్దరే. కానీ కొనడానికి పెట్టే డబ్బు కాక, ఆరు నెలలు సరుకు తేవడానికి సరిపడా చేతిలో వేరుగా ఉంచుకోండి. అది లేకే మా ముందువాళ్లు చితికిపోయారు.

అన్నిటికంటే ముఖ్యంగా, భూమిలో ఉన్న పెట్రోల్ ట్యాంకులు. మమ్మల్ని నిలువునా ముంచబోయినవి ఇవే. "బాగున్నాయి, ఎప్పుడూ లీకు లేదు" అన్నారు, మేం నమ్మాం. రెండో ఏడాది ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గర బయటపడింది: ఒకే పొర ఉన్న పాత స్టీలు ట్యాంకులు, ఇక బీమా ఇవ్వమన్నారు. బీమా లేకపోతే పెట్రోల్ పోసే కంపెనీ రాదు. ట్యాంకులు తవ్వి తీయించడం, మట్టి పరీక్షలు, నేల మీద కొత్తవి పెట్టించడం అన్నీ కలిపి మేం కొన్న ధరలో దాదాపు సగం అయింది. నా గాజులు, మా ఆయన పొదుపు అన్నీ అందులోకే పోయాయి. ట్యాంకు ఎన్నేళ్లది, ఎన్ని పొరలది, మట్టి పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు, ఈ మూడింటికీ కాగితాలు చూపించకపోతే ఒక్క డాలరు కూడా అడ్వాన్సు ఇవ్వకండి. పరీక్ష ఖర్చు మీరే పెట్టుకోవాల్సి వచ్చినా పెట్టుకోండి. అప్పు విషయంలోనూ అంతే, పెద్ద బ్యాంకులు పల్లెలో బంకు అనగానే వెనకాడాయి. చివరికి దగ్గర్లోని క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు లాంటిది) ఇచ్చింది, అదీ సగం డబ్బు మేం పెట్టాకే.

పిల్లల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఊళ్లో బడి ఎప్పుడో మూసేశారు, పసుపు బస్సులో నలభై నిమిషాలు వెళ్లాలి. క్లాసులో మన పిల్లలొక్కరే. మా పెద్దమ్మాయి మొదటి ఏడాది రాత్రిళ్లు ఏడ్చేది, నా డబ్బాలో అన్నం పెట్టొద్దు అనేది. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ఉంది. అది తేరుకున్నది ఐస్ రింకులో, అంటే మంచు మీద స్కేటింగ్ చేసే చోట. రింకు ఊరివాళ్లే నడుపుకుంటారు, తల్లిదండ్రులు కాంటీనులో వంతులు వేసుకుని పనిచేయాలి. నేను పొయ్యి దగ్గర, అది మంచు మీద. అలా ఇద్దరం ఊళ్లో కలిశాం. మన పండగలకు సాస్కటూన్ లక్ష్మీనారాయణ గుడికి వెళ్తాం, గంటన్నర ప్రయాణం. మా అమ్మతో మాట్లాడడానికి ఒక వెసులుబాటుంది: ఇక్కడ గడియారాలు మార్చరు, ఏడాది పొడుగునా పదకొండున్నర గంటలే తేడా.

ఆసుపత్రి దూరం. చిన్న టౌన్లలో సిబ్బంది లేక ఎమర్జెన్సీ మూసేసిన రోజులూ ఉంటాయి. మీ ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే ఈ ఆలోచన మానుకోండి. ప్రభుత్వ బస్సులు కూడా 2017లో ఆపేశారు. ఇక్కడి ముసలివాళ్ల మందులు వారానికోసారి టౌను నుంచి మా ఆయనే తెస్తారు, దానికి డబ్బు తీసుకోం. బంకు కొంటే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుందని ఎవరైనా ఏజెంటు చెబితే నమ్మకండి. వ్యాపారం పెట్టేవాళ్లకు వలస అవకాశమిచ్చే సాస్కచెవాన్ ఆంత్రప్రెన్యూర్ విభాగాన్ని 2025లో పూర్తిగా మూసేశారు.

ఒక్కటి మాత్రం ఆనందంగా చెప్తాను. సుంకం గురించి అడిగిన ఆ పెద్దాయన రెండో శరదృతువులో పాత ఐస్‌క్రీం బకెట్ నిండా తన బిన్నులోంచి మసూర్ తెచ్చి కౌంటరు మీద పెట్టారు. పొట్టుతో ఉన్న గింజ, పైన బూడిద రంగు, నలిపితే లోపల ఎర్రగా. "ముప్పై ఏళ్లుగా పండిస్తున్నాను, ఒక్కసారీ తినలేదు, మీరెలా వండుతారు?" అన్నారు. రాత్రి నానబెట్టి, టమాటా వేసి ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టాను. కాఫీ రో బల్ల మీద గిన్నె పెడితే బ్రెడ్డు ముంచుకుని ఏడుగురూ తిన్నారు. ఆయన గిన్నె అడుగు దాకా తుడిచి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇదా మేం ఓడల్లో పంపించేది" అన్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా కొట్టులో పప్పన్నం ఉంటుంది. శరదృతువులో హాల్లో ఊరంతా కలిసి తినే ఫౌల్ సప్పర్‌లో టర్కీ కోడి, పెరోగీల (లోపల కూర పెట్టి ఉడికించే పిండి వంటకం) పక్కన నా పులిహోర గిన్నె కూడా పెడతారు.

మీరు చూడ్డానికి జూన్‌లో వెళ్తామని రాశారు. జూన్‌లో వద్దు. అప్పుడు అంతా పచ్చగా ఉంటుంది, రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, ఎవరికైనా నచ్చుతుంది. ఫిబ్రవరిలో రండి, ఇద్దరూ కలిసి రండి, ఆ ఊళ్లో కనీసం వారం ఉండండి. పొద్దున ఆరున్నరకి ఆ కొట్టులో కూర్చుని, వచ్చినవాళ్లెవరో, రానివాళ్లు ఎందుకు రావట్లేదో అడగండి. మా ఊరు మీకు దారిలోనే పడితే ముందుగా మెసేజ్ పెట్టండి, వెనక గది ఖాళీగానే ఉంటుంది, కారుకి ప్లగ్ కూడా ఉంది.