నాటకం రాస్తానంటున్న చెల్లెలి కూతురికి

మెల్‌బోర్న్
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆత్రంగా, రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని, మూడోసారి మీ అమ్మకి ఫోన్‌లో వినిపించడానికి. పోటీలో నీ నాటకానికి బహుమతి వచ్చిందనేసరికి మీ అమ్మ అప్పుడే కొబ్బరికాయ మొక్కేసుకుంది. ఉద్యోగం మానేస్తానన్న ముక్క మాత్రం నేను చదవకుండా దాటేశాను. అది నువ్వే చెప్పుకో తల్లీ, నాకంత ధైర్యం లేదు.

నువ్వు ముఖ్యంగా అడిగింది ఒకటే. ఆడియో నాటకం రాసివ్వమని వచ్చిన ఆ చిన్న పని ఒప్పుకోవాలా, లేక బహుమతి వచ్చిన నాటకం పట్టుకుని పెద్ద స్టేజీ కోసం ఆగాలా అని. ఒప్పుకో. ఇంక ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళుగా పగలు లైబ్రరీ ఉద్యోగం, రాత్రి నాటకాలు చేసినదాన్ని, అంత తేలిగ్గా వదలను.

ముందు బహుమతి సంగతి. 1955లో ఇక్కడ ప్లేరైట్స్ అడ్వైజరీ బోర్డు పోటీలో మొదటి బహుమతి రెండు నాటకాలకి కలిపి ఇచ్చారు. ఒకటి రే లాలర్ రాసిన 'సమ్మర్ ఆఫ్ ది సెవెంటీన్త్ డాల్'. అది ఆ నవంబర్‌లోనే మెల్‌బోర్న్ యూనియన్ థియేటర్లో ఆడింది. తర్వాత లండన్ వెళ్ళింది, న్యూయార్క్ వెళ్ళింది. ఇప్పటికీ ఆస్ట్రేలియా నాటకం అంటే ముందు దాని పేరే చెప్తారు. రెండోది ఓరియల్ గ్రే అనే ఆవిడ రాసిన 'ది టారెంట్స్'. అదే పోటీ, అదే బహుమతి. దానికి పెద్ద నాటక కంపెనీ స్టేజీ దొరకడానికి దశాబ్దాలు పట్టింది.

2019లో అది సిడ్నీ ఒపేరా హౌస్ డ్రామా థియేటర్‌లో ఆడుతోందని తెలిసి పనిగట్టుకుని రైలెక్కి వచ్చాను, గుర్తుందా? మీ ఇంట్లోనే దిగాను. నువ్వు పరీక్షలని రాలేదు. కథ 1890ల్లో, బంగారు గనుల ఊళ్ళో ఒక పత్రికాఫీసులో జరుగుతుంది. జె.జి. మిల్‌ఫర్డ్ అన్న పేరు చూసి ఎవరో మగాడనుకుని ఉద్యోగం ఇస్తారు. తీరా చూస్తే గుమ్మంలో ఆడమనిషి. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటర్వెల్‌లో కాఫీ క్యూలో నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, 'ఇది ఎవరో కొత్తమ్మాయి రాసిందా?' అని అడిగాడు. ఆ కొత్తమ్మాయి పోయి అప్పటికి పదహారేళ్ళు.

నేను ఈ కథ నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఓరియల్ గ్రే చేతులు ముడుచుకుని కూర్చోలేదని చెప్పడానికి. సిడ్నీ న్యూ థియేటర్‌కి రాసింది, రేడియోకి రాసింది, తర్వాత ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ టీవీలో 'బెల్‌బర్డ్' సీరియల్‌కి రాసింది. బహుమతి వచ్చిన నాటకం అల్మారాలో ఉంటే ఉండనీ అని వేరే కాగితాలు నింపుకుంటూ పోయింది. నాకైతే ఆవిడకి జరిగింది అన్యాయమే అనిపిస్తుంది. కానీ ఆవిడ రాయడం మాత్రం ఆగలేదు.

ఇంక రేడియో. నీ ఉత్తరంలో 'రేడియో డ్రామానే కదా' అని రాశావు చూడు, ఆ 'నే' నాకు నచ్చలేదు. గ్వెన్ మెరెడిత్ గురించి విన్నావా? 1930ల్లో సిడ్నీలో పుస్తకాల షాపు నడిపేది, దాంతోపాటు ఒక నాటక క్లబ్బు. ఆవిడ మొదట రాసింది స్టేజీకే. 1944లో ఏబీసీ ఆవిడ చేత పల్లెటూరి కుటుంబం మీద 'ది లాసన్స్' అనే సీరియల్ రాయించింది. యుద్ధం రోజులు కదా, రైతులకి కొత్త వ్యవసాయ పద్ధతులు కథలో కలిపి చెప్పాలని. అచ్చం మన విజయవాడ రేడియోలో పాడిపంటల కబుర్లు చెప్పినట్టే! 1949లో దాని తర్వాత 'బ్లూ హిల్స్' మొదలుపెట్టి 1976 సెప్టెంబర్ దాకా రాసింది. 5,795 భాగాలు, ఒక్కోటి పావుగంట. లెక్కేసుకో, ఏడాదికి రెండొందల పైచిలుకు. అన్నీ ఒక్క మనిషే.

మా పక్కింటావిడ పల్లెలో పెరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ సీరియల్ ట్యూన్ మొదలైతే వాళ్ళ నాన్న ట్రాక్టర్ ఆపేసి బూట్లతోనే వంటింట్లోకి వచ్చేవాడట. వాళ్ళమ్మ ఆ పావుగంటా బూట్ల గురించి ఒక్కమాట అనేది కాదట. అంతమందిని ఒకేసారి కూర్చోబెట్టిన స్టేజీ నాటకం ఏదైనా ఉంటే నాకు చెప్పు.

ఇప్పుడు అలాంటి కొలువు ఎవరూ ఇవ్వరు. ఏబీసీ 2012-13లోనే రేడియో నాటకాల విభాగాన్ని కోసేసింది. నీకు వచ్చేవన్నీ ముక్కలు ముక్కలుగానే వస్తాయి. పాడ్‌కాస్ట్ వాళ్ళది ఒకటి, కమ్యూనిటీ రేడియోకి జీతం లేకుండా ఒకటి. మా ఊళ్ళో 3సీఆర్ అనే స్టేషన్ 1976 నుంచీ ఎక్కువగా వాలంటీర్ల మీదే నడుస్తోంది. వచ్చినవి వచ్చినట్టు తీసుకో, కానీ కళ్ళు మూసుకుని, చెవి కోసం రాయడం నేర్చుకో.

నా మొదటి రేడియో నాటకం సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గుచేటు కాబట్టి. స్టేజీ మీద ఆడిన నాటకాన్నే కాస్త కత్తిరించి ఒక స్టేషన్‌కి ఇచ్చాను. అందులో ఒక చోట అత్తగారు మాట్లాడకుండా ఉత్తరం చదివి, మడిచి, పొయ్యిలో పెడుతుంది. స్టేజీ మీద ఆ సీన్‌కి జనం ఊపిరి బిగపట్టేవాళ్ళు. రేడియోలో అది పదిహేను సెకన్ల నిశ్శబ్దం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు లైన్ తెగిపోయిందనుకుని కంగారుపడి మధ్యలో వీణ వాయిద్యం వేసేశాడు. అత్తగారు ఉత్తరం కాల్చిందని విన్నవాళ్ళెవరికీ తెలియలేదు. తప్పు నాదే. కాగితం చప్పుడు కూడా రాసుకోలేదు.

అప్పటినుంచీ నేను పాటించేది చెప్తాను. సీన్ రాశాక ఫోన్‌లో నేనే చదివి రికార్డు చేస్తాను. మర్నాడు అంట్లు తోముకుంటూ వింటాను. చేతులు ఆగి ఫోన్ వైపు చూశానంటే అక్కడ ఏదో అర్థం కాలేదన్నమాట, ఆ లైను మళ్ళీ రాస్తాను. రేడియోలో మాట్లాడని మనిషి గదిలో లేనట్టే లెక్క. నీ నాటకంలో ఇద్దరు తోడికోడళ్ళున్నారు, ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే ఊరి యాస. చూస్తే తెలుస్తుంది, వింటే తెలియదు. ఒకామె ప్రతి మాటకీ ముందు ఒక చిన్న నవ్వు నవ్వుతుందనుకో, చాలు. చోటు కూడా చప్పుడుతోనే చెప్పాలి. ఇక్కడి ఇళ్ళకి ముందు వైరు జాలీ తలుపు ఉంటుంది చూడు, వదిలేస్తే టప్‌మని కొట్టుకుంటుంది. ఆ ఒక్క చప్పుడు వినిపిస్తే ఆస్ట్రేలియాలో పెరిగినవాళ్ళకి ఇల్లు, ఎండ, ఈగలు అన్నీ కనిపిస్తాయి. 'అదిగో వదిన బయటికి వెళ్తోంది' అని ఎవరి చేతా అనిపించక్కర్లేదు.

ఇలా చెవికి రాసి రాసి స్టేజీకి తిరిగొస్తే నీ డైలాగు సగానికి సగం తగ్గుతుంది. నాకు తగ్గింది.

స్టేజీ విషయంలో పెద్ద కంపెనీలకి పంపడం మానొద్దు, కానీ పంపి ఎదురుచూస్తూ కూర్చోవద్దు. నా స్క్రిప్ట్ ఒకటి ఒక కంపెనీ వాళ్ళు పద్నాలుగు నెలలు ఉంచుకుని, రెండు లైన్ల ఈమెయిల్‌తో తిరగ్గొట్టారు. ఆ పద్నాలుగు నెలలూ నేను ఇంకెవరికీ చూపించలేదు. అంత తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు. మీ సిడ్నీలో గ్రిఫిన్ నాటక కంపెనీ వాళ్ళు ఈ దేశపు కొత్త నాటకాలకే పేరుపడ్డారు, కొత్త రాతప్రతులకి అవార్డు కూడా ఇస్తూ వచ్చారు. ఇక్కడ కార్ల్‌టన్‌లో లా మామా అనే చిన్న థియేటర్ ఉంది. 1967లో బెట్టీ బర్‌స్టాల్ అనే ఆవిడ పాత ఫ్యాక్టరీ గదిలో మొదలుపెట్టింది. 2018లో కాలిపోయింది, మళ్ళీ కట్టుకున్నారు. ఆట మొదలయ్యే ముందు ప్రేక్షకులకి లాటరీ తీస్తారు. నా నాటకం ఆడిన రాత్రి నా టికెట్‌కే తగిలింది, సిగ్గేసి లేవలేదు. అంత చిన్న గదిలో ఎవరు కుర్చీలో కదిలినా నీకు తెలుస్తుంది. ఎక్కడ కదిలారో రాసుకో.

డబ్బు మాటలు నీకిష్టం ఉండదు, అయినా విను. ఆస్ట్రేలియన్ రైటర్స్ గిల్డ్‌లో చేరు. రేడియో, టీవీ రాసేవాళ్ళు 1962లో పెట్టుకున్న సంఘం అది, నాటకాలవాళ్ళకీ అదే దిక్కు. స్టేజీ నాటకానికి రచయితకి టికెట్ల వసూళ్ళలో మామూలుగా పది శాతం దగ్గర వస్తుంది. నువ్వు చెప్పిన ఆడియో కాంట్రాక్టులో 'అన్ని మాధ్యమాలకూ, శాశ్వతంగా' అని ఉందన్నావు. దాని మీద సంతకం పెట్టకు. ఆడియో హక్కు ఇన్నేళ్ళకి అని ఇవ్వు, స్టేజీ హక్కు నీ దగ్గరే ఉంచుకో. 'ఏమనుకుంటారో' అని టెన్షన్ పడకు. అడిగితే ఏమీ అనుకోరు, నేను అడిగి చూశాను.

భాష గురించి కూడా అడిగావు. నీ నాటకంలో అమ్మమ్మ ఇంగ్లీషులో మాట్లాడుతోంది, అది వినలేకపోయాను. ఆవిడని తెలుగులోనే మాట్లాడనీ. 2019లోనే సిడ్నీ టౌన్ హాల్లో ఒక శ్రీలంక తమిళ కుటుంబం కథ ఆడారు. స్టేజీ మీదే ఒకరు తమ భాషలో అంటుంటే పక్కనున్న నటులు ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు. జనానికి అదేమీ ఇబ్బంది కాలేదు. రేడియోలో అయితే మనవరాలు ఎదురు ప్రశ్న వేస్తే చాలు, అమ్మమ్మ ఏమందో వింటున్నవాళ్ళకి అర్థమైపోతుంది.

ఉద్యోగం సంగతి: వారానికి నాలుగు రోజులు చేస్తానని అడుగు. ఐదోరోజు రాసుకో. పూర్తిగా మానేస్తే మీ అమ్మ నాకు ఫోన్ చేస్తుంది, అప్పుడు నాకు రాసుకోవడానికి టైముండదు.

ఆ తోడికోడళ్ళ సీన్ రికార్డు చేసి పంపు. టైపు చేసింది వద్దు, గొంతే పంపు. గురువారం సాయంత్రం అంట్లు నా వంతు, అప్పుడు వింటాను.

మీ పెద్దమ్మ