మందు ఏ గంటకు మొదలుపెట్టారో చూడు

చిట్టితల్లికి, చీపురుపల్లి నుంచి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రోటోకాల్, అదే మీ ఎలుకల ప్రయోగం ప్లాను, రెండుసార్లు చదివాను. గరివిడిలో వెటర్నరీ చదివిన పిల్ల బర్డ్ ఫ్లూ మందుల పరీక్షల దాకా వెళ్లిందంటే చాలా సంతోషంగా ఉంది. ఒక్క విషయం మాత్రం నన్ను ఆపింది.

వైరస్ ఎక్కించడానికి నాలుగు గంటల ముందే ఎలుకలకు ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ఇస్తామని రాశారు. మందుకు పనిచేసే గుణం ఉందో లేదో తేల్చడానికి అది సరిపోతుంది. కానీ మన ఊళ్లో జ్వరమొస్తే ఏం చేస్తాం? రెండు రోజులు మందులషాపు మాత్రలు, మూడో రోజు ఆర్‌ఎంపీ, నాలుగో రోజుకు గానీ పెద్దాసుపత్రి గుర్తుకు రాదు. ఆ మందేమో మొదటి 48 గంటల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది. అందుకే వైరస్ ఎక్కించిన 24, 48, 72 గంటల తర్వాత మందు మొదలయ్యే గ్రూపులు కూడా పెట్టమని మీ గైడ్‌ను అడుగు. మొహమాటపడకు.

మందు ఆపాక కూడా ఎలుకలను చూస్తూ ఉండాలి. 2005లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 మీద వచ్చిన ఒక పరిశోధనలో రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తే సగం ఎలుకలే బతికాయి. అదే మోతాదు ఎనిమిది రోజులు ఇస్తే 80 శాతం బతికాయి. ఐదో రోజున లెక్క ముగించి ఉంటే ఆ తేడా ఎవరికీ కనపడేది కాదు.

పోల్చి చూడ్డానికి మందు ఇవ్వకుండా ఉంచే కంట్రోల్ గ్రూపుకు కూడా రోజుకు అన్నిసార్లే గొట్టంతో ఉత్త నీళ్లు పట్టించండి. పట్టుకుని గొంతులోకి గొట్టం దింపితేనే ఎలుక బెదిరిపోతుంది, ఆ బెదురు రెండు వైపులా సమానంగా ఉండాలి. బరువు తూచే మనిషికి ఏ బోనులో మందు పడిందో తెలియకూడదు.

ఫ్లూ పరీక్షల్లో వాడే, ముంగిసలా కనిపించే ఫెర్రెట్లకు మనుషుల్లాగే తుమ్ములు, జ్వరం వస్తాయి. ఎలుకకు అలా కాదు, ఒళ్లు చల్లబడుతుంది, బరువు తగ్గుతుంది. ఎంత తగ్గితే దానికి నొప్పి లేకుండా ముగింపు ఇవ్వాలో ముందే రాసుకోండి. ఇంకో రోజు చూద్దాం అనుకుని ఏ ప్రాణినీ ఈడ్చకు తల్లీ. నా సర్వీసులో నేను అలా ఆగిన ఒక దూడ ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది.

సంక్రాంతికి వస్తావుగా. ల్యాబ్‌వాళ్లు చెప్పిన గడువు దాటేవరకు పెరట్లో నాయనమ్మ నాటుకోళ్ల గూటి దగ్గరికి వెళ్లకు. తనకు నేను చెప్పి ఉంచుతాను.

తాతయ్య