గల్ఫ్ జీతం మీద ఇక్కడ ట్యాక్స్ పడుతుందా? వీసా కాదు, రోజులు చూసుకో

తమ్ముడూ, సౌదీలో షట్‌డౌన్ పనికి (ప్లాంటు ఆపి చేసే రిపేర్లకి) ఆరు నెలల కాంట్రాక్టు మీద వెళ్తున్నాను, వీసా వచ్చింది కాబట్టి ఎన్ఆర్ఐ అయిపోయినట్టేనా, ఆ జీతానికి ఇక్కడ ట్యాక్స్ ఉండదా అని అడిగావు. నాది శ్రీకాకుళం జిల్లా కవిటి పక్క ఊరు, ఖతార్‌లో చాలా ఏళ్లు పైపింగ్ ఫిట్టర్‌గా చేశాను. మా ఉద్దానం కుర్రాళ్లు ఇది ఏజెంటుని అడిగి ఊరుకుంటారు, అదే నాకు బాధ.

వీసాతో పని లేదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో ఎన్ని రోజులున్నావన్నదే లెక్క. ఉద్యోగానికని ఆ ఏడాది దేశం దాటినవాడు ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే ఎన్ఆర్ఐ, అప్పుడు అక్కడ సంపాదించి అక్కడి బ్యాంకులో పడిన జీతం జోలికి మన ట్యాక్స్ వాళ్లు రారు. అంటే ఏడాదిలో కనీసం 184 రోజులు బయట ఉండాలి, ఫ్లైట్ ఎక్కిన రోజూ తిరిగొచ్చి దిగిన రోజూ ఇండియాలో ఉన్నట్టే లెక్కేసుకో. ఆరు నెలల కాంట్రాక్టు సరిగ్గా ఈ గీత మీదే ఉంటుంది. అక్టోబరులో ఎక్కావంటే సెప్టెంబరు ఆఖరుకే ఇక్కడ 183 రోజులు అయిపోతాయి, ఇక ఆ ఏడాదికి నువ్వు రెసిడెంటువే, అంటే సౌదీ జీతం కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. జనవరిలో ఎక్కి జూన్‌లో దిగితే కాంట్రాక్టు రెండు ఆర్థిక సంవత్సరాలకు చీలిపోతుంది, మరో కాంట్రాక్టు కలిస్తే తప్ప ఎటూ చాలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కి, ఇంకో రెండు వారాలు ఎక్స్‌టెన్షన్ దొరికితే నిశ్చింత.

రెసిడెంటు అయినా టెన్షన్ వద్దు. 2025-26 నుంచి కొత్త ట్యాక్స్ పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు, అంటే ట్యాక్స్ మాఫీ, ఉంది, మన ఫిట్టర్ల జీతాలకు చాలావరకు ట్యాక్స్ రాదు. కానీ సౌదీ జీతం చూపించి రిటర్న్ వేయాలి, అక్కడి బ్యాంకు ఖాతా కూడా విదేశీ ఆస్తుల కింద రాయాలి.

ఇంకోటి, వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ (ఇక్కడి ఆదాయం పడే ఎన్ఆర్ఐ ఖాతా) చేయించు, అక్కడి నుంచి పంపే డబ్బుకి ఎన్ఆర్ఈ అనే ఎన్ఆర్ఐ ఖాతా తెరువు. ఎన్ఆర్ఈ వడ్డీకి ట్యాక్స్ లేదు. ఎన్ఆర్ఓ వడ్డీలో మాత్రం 30 శాతం పైగా టీడీఎస్ (ముందే పట్టుకునే ట్యాక్స్) కోసేస్తారు, నాకూ కోశారు, ఇక్కడి ఆదాయం పరిమితి లోపే ఉంది కాబట్టి రిటర్న్ వేసి మొత్తం వెనక్కి తెచ్చుకున్నాను.

పాస్‌పోర్టులో స్టాంపు పడిన ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపి ఉంచు, రోజులు రుజువు చేయమంటే చూపించాల్సింది అవే.