కిట్టు పాతదైనా పర్వాలేదు, పెట్రోలు పైపులు మాత్రం కొత్తవే వేయాలి

కార్బొరేటర్‌తో (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే పాత పరికరం) నడుస్తున్న పాత వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ట్రక్కుకు, మరొకరు తమ బండి నుంచి విప్పి అమ్ముతున్న థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్టును (కార్బొరేటర్ చోట కూర్చొని, కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే సెట్టు) బిగించుకోవచ్చా, కొనే ముందు ఏమేమి చూసుకోవాలి అని అడిగారు. సరిగ్గా ఇదే పని నేను నా ట్రక్కుకు చేసుకున్నాను. రెండు వారాంతాల్లో ముగుస్తుందనుకున్నది రెండు నెలలు పట్టింది, అందులో కిట్టు వల్ల జరిగిన ఆలస్యం చాలా తక్కువ. బిగించుకోవచ్చు అన్నదే నా జవాబు. అయితే మీరు కొంటున్నది థ్రాటిల్ బాడీని, దాని ఈసీయూను (పెట్రోలు లెక్క చూసే కంప్యూటరు), వైరింగును మాత్రమే అనుకోండి. పంపు, ఫిల్టర్లు, హోస్ పైపులు, ఆక్సిజన్ సెన్సర్ కొత్తవి కొనాలని ముందే లెక్క వేసుకొని, ఆ మొత్తం కొత్త కిట్టు ధర దరిదాపులకు వస్తే బేరం వదిలేయండి.

అమ్మేవారి దగ్గర మొదట అడగవలసింది సెట్టింగులు మార్చే చేతి పరికరం గురించి. అది లేకుండా ఇంజను పరిమాణం, సిలిండర్ల సంఖ్య, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) రకం వంటివి ఈసీయూకు చెప్పలేరు. పాత యజమాని సెట్టింగులు అందులో అలాగే ఉండిపోతాయి. వైర్లు కోసి అతికించారా, కనెక్టర్ల లోపలి పిన్నులకు పచ్చ తుప్పు పట్టిందా అన్నవి కూడా పగటి వెలుతురులో చూడండి. నా కిట్టు పైకి మెరుస్తూ ఉండేది గానీ, చాలాకాలం అటక మీద ఉండటంతో లోపల మిగిలిన పెట్రోలు ఆరిపోయి గోధుమరంగు జిగురుగా గడ్డకట్టింది. నాలుగు ఇంజెక్టర్లనూ శుభ్రం చేయించి ప్రవాహం కొలిపిస్తే ఒకటి మిగతా మూడింటి కంటే స్పష్టంగా తక్కువ పోస్తున్నట్టు తేలింది, రెండోసారి శుభ్రం చేశాక గానీ అది దారికి రాలేదు. ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) చూడటానికి బాగున్నా మార్చేయండి.

కార్బొరేటర్ విప్పడానికి ముందే ఇంజను ఆరోగ్యం చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఈ కిట్లు తమంతట తామే నేర్చుకుంటాయని చెబుతారు, అది నిజమే. కానీ అవి నేర్చుకునేది ఎగ్జాస్టులోని, అంటే ఇంజను వదిలే పొగలోని ఆక్సిజన్‌ను చూసి మాత్రమే. ఒక ప్లగ్గు సరిగ్గా మండకపోతే ఆ సిలిండర్లోని గాలి వాడకుండానే బయటికి పోతుంది. సెన్సర్‌కు ఆ మిగులు ఆక్సిజన్ కనిపిస్తుంది, ఈసీయూ దాన్ని పెట్రోలు చాలకపోవడంగా అర్థం చేసుకొని ఇంకా పోస్తుంది. కాబట్టి కంప్రెషన్, వాక్యూమ్ లీకులు (సందుల్లోంచి ఇంజనులోకి గాలి చేరడం), ఇగ్నిషన్ టైమింగ్, ప్లగ్గు వైర్లు, ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవన్నీ కార్బొరేటర్ ఉండగానే సరిచేసుకోండి. కార్బొరేటర్‌తో సరిగ్గా నడవని ఇంజను ఇంజెక్షన్‌తో బాగుపడదు, పైగా లోపం ఎక్కడుందో కనిపెట్టడం రెట్టింపు కష్టమవుతుంది.

ఇక పెట్రోలు సరఫరా. కార్బొరేటర్‌కు మెకానికల్ పంపు ఇచ్చే 4 నుంచి 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చాలు. ఇప్పటి థ్రాటిల్ బాడీ కిట్లలో చాలావాటికి 43 నుంచి 58 పీఎస్ఐ, అంటే 3 నుంచి 4 బార్ కావాలి. వాడిన సరుకులో 15 పీఎస్ఐ దగ్గర పనిచేసే పాత తరం కిట్లు కూడా తిరుగుతుంటాయి కాబట్టి, మీ చేతికొచ్చినది ఏ రకమో తేల్చుకోకుండా పంపు కొనకండి. పాత రబ్బరు హోసు ఈ ఒత్తిడికి తగినది కాదు. దాని మీద ఎస్‌ఏఈ జే30ఆర్7 అని ఉంటే అది కార్బొరేటర్ కాలపు తక్కువ ఒత్తిడి రకం. ఇక్కడ కావలసింది జే30ఆర్9, దానికి తగిన ఇంజెక్షన్ క్లిప్పులు. వేడి ఇంజను మీద 58 పీఎస్ఐతో పెట్రోలు చిమ్మడం అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకుంటే ఈ ఖర్చు దగ్గర పొదుపు చేయాలనిపించదు.

విద్యుత్ పంపు తోయడంలో దిట్టే గానీ లాగడంలో బలహీనం. అందుకని దాన్ని ట్యాంకుకు వీలైనంత దగ్గరగా, పెట్రోలు మట్టానికి దిగువన పెట్టాలి. పంపుకు ముందు 100 మైక్రాన్ల ముతక ఫిల్టరు, తరువాత 10 మైక్రాన్ల సన్న ఫిల్టరు ఉంటాయి, వీటిని తారుమారు చేస్తే పంపు ఊపిరాడక కాలిపోతుంది. నా ట్యాంకు లోపల తుప్పు ఉందని తెలిసి కూడా తరువాత చూద్దాంలే అనుకున్నాను. మొదటి ఫిల్టరు రెండు రోజుల్లోనే ఎర్రటి పొడితో నిండింది, పంపు చేసే సన్నని రొద కీచుగా మారితే గానీ నాకు సంగతి తెలియలేదు. చివరికి ట్యాంకు దించి కడిగించవలసి వచ్చింది. ఎలాగూ దించుతారు గనుక అప్పుడే మిగులు పెట్రోలు వెనక్కి వచ్చే రిటర్న్ లైనుకు దారి చేయించండి, గాలి గొట్టం మూసుకుపోలేదని చూడండి. లోపల అడ్డుగోడలు లేని పాత ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడు, ఎత్తు ఎక్కుతుంటేనో మలుపు తిరుగుతుంటేనో పంపుకు పెట్రోలు అందక ఇంజను ఆగిపోతుంది. నాకు ట్యాంకు పావు వంతుకు చేరినప్పుడల్లా ఇలా అయ్యేది, ట్యాంకు లోపలే కూర్చునే పంపు మాడ్యూల్ వేయించాక పోయింది.

వైరింగులో నన్ను ఒక పూటంతా ఏడిపించిన తప్పు చాలా చిన్నది. తాళం తిప్పితే పంపు రెండు సెకన్లు మోగి ఆగేది, సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగేది గానీ అంటుకునేది కాదు, తాళం వదిలిన క్షణంలో మాత్రం ఒక్కసారి దగ్గేది. టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే, నేను ఈసీయూకు ఇచ్చిన ఇగ్నిషన్ వైరు మీద దీపం వెలుగుతోంది, తాళాన్ని స్టార్ట్‌కు తిప్పగానే ఆరిపోతోంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కూడా విద్యుత్తు ఉండే వైరును వెతికి కలిపితే ఇంజను అంటుకుంది. ప్రధాన ప్లస్, ఎర్త్ వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకే వెళ్లాలి. ఇగ్నిషన్ కాయిల్‌కు, ప్లగ్గు వైర్లకు ఈసీయూ వైర్లను దూరంగా నడపండి, లేకుంటే ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) అంకె తెర మీద గంతులు వేస్తుంది. మీకు సీడీఐ ఇగ్నిషన్ బాక్సు (కెపాసిటర్‌తో నిప్పురవ్వ ఇచ్చే రకం) ఉంటే ఆర్‌పీఎం సంకేతం దాని ట్యాకో అవుట్‌పుట్ నుంచే తీసుకోవాలి. కాయిల్ నెగటివ్‌కు కలిపితే ఈసీయూ కాలిపోయే ప్రమాదం ఉంది.

కిట్టుతో వచ్చిన వాడిన ఆక్సిజన్ సెన్సర్‌ను నమ్మకండి. కొత్తది కొనేటప్పుడు రకం సరిపోవాలి, బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2కు, 4.9కు పేరులో పోలిక ఉన్నా ఒకదాని చోట మరొకటి పనిచేయదు. సెన్సర్‌ను అడ్డంగా పడుకోబెట్టకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వంచి పెడితే ఎగ్జాస్టు పైపులో చేరే నీరు దానిలోకి దిగదు. ఆ ఎగ్జాస్టు పైపుకు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఈసీయూ కనెక్షన్లు తీసేయండి.

నా బండిలో చివరి వరకు అంతుచిక్కని లోపం కూడా ఈ సెన్సర్ దగ్గరే బయటపడింది. తెర మీద మిశ్రమం ఎప్పుడూ పలచగా, అంటే పెట్రోలు తక్కువగా చూపిస్తుంటే ఈసీయూ పెట్రోలు పెంచుతూ పోయింది, నేనేమో తెరనే నమ్మాను. ప్లగ్గులు విప్పితే అన్నీ మసి పట్టి నల్లగా ఉన్నాయి. చివరకు ఎడమవైపు ఎగ్జాస్టు మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచున వేలెడు పొడవున మసి చార కనిపించింది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్లి సెన్సర్‌ను మోసం చేస్తోంది. గ్యాస్కెట్ మార్చి, నేర్చుకున్న లెక్కలన్నీ చెరిపేసి మొదటి నుంచి నడిపితే రెండు రోజుల్లో ఐడిలింగ్ నిలకడగా కుదురుకుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ ఇంజను వివరాలు కొత్తగా ఇవ్వండి, తరువాత గేజి పెట్టి పెట్రోలు ఒత్తిడి కొలవండి. ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా కిట్టు నేర్చుకోవడం మొదలుపెట్టదు కాబట్టి, చల్లగా ఉన్నప్పటి తడబాటు చూసి సెట్టింగులు కెలకకండి. మైలేజీ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. నాకు పెరిగింది కొంచెమే. చలి ఉదయాన చోక్ లాగకుండా ఇంజను అంటుకోవడం మాత్రం ప్రతిరోజూ సంతోషంగానే ఉంది. మొదటి వారం ప్రయాణం ఆగినప్పుడల్లా బానెట్ ఎత్తి ప్రతి జాయింటునూ వేలితో తడిమి చూడండి, బండిలో అగ్నిమాపక సిలిండరు ఉంచుకోండి. నాకు మూడో రోజున రిటర్న్ లైను జాయింటు దగ్గర వేలికి తడి తగిలింది, క్లిప్పు మరొక అర చుట్టు బిగిస్తే ఆగింది.