పఠన జట్ల పగ్గాలు పిల్లలకే

ప్రశ్న: ఏడో తరగతిలో జట్లుగా కథలు చదివిస్తున్నాను. చదవడం బాగా వచ్చిన ఒక్కరే చదివేస్తారు, మిగతావాళ్లు తలలూపుతారు. ఏం చేయాలి?
– ఒక తెలుగు టీచరు, చిత్తూరు

జవాబు: కథ మీరే ఎంచి, ప్రశ్నలూ మీరే రాసిస్తుంటే వాళ్లు మీ జవాబు కోసమే ఎదురుచూస్తారు. ముందు ఎంపిక వదిలేయండి. ఐదారు కథలు బల్లమీద పరిస్తే, ఒక్కొక్కరూ మొదటి పేజీ చూసి నచ్చిన రెండింటిని చీటీమీద రాస్తారు. ఆ చీటీలను బట్టే జట్లు కట్టండి. జట్టుకు నలుగురు చాలు. ఆరుగురైతే ఇద్దరు దాక్కుంటారు.

ఎవరికి వారు మౌనంగా చదివి, తలా ఒక ప్రశ్న రాసుకున్నాకే మాటలు మొదలవ్వాలి. ఈ క్రమం తప్పితే పెద్దగొంతుదే రాజ్యం. ‘రాజు పేరేమిటి?’ అంటే చర్చ అక్కడే ఆగిపోతుంది. ‘ఆమె అబద్ధం ఎందుకాడింది?’ అంటే సాగుతుంది. ఈ తేడాను ఒకరోజు బోర్డుమీద చూపించండి. చదవలేని పిల్లకు పక్కవాళ్లు మెల్లగా చదివి వినిపించొచ్చు, ప్రశ్న మాత్రం ఆ పిల్లదే. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు మన వైపు మామూలే; ముందు తమిళంలో అడిగినా అడ్డుకోకండి.

చర్చ నడిపే బాధ్యత వారానికొకరిది. మీరు నోటుపుస్తకంతో పక్కన కూర్చోండి. ‘ఇది కరెక్టేనా సార్?’ అంటే, ‘కథలో ఎక్కడుందో చూపించు’ అనండి, అంతే.