బుకానన్ అంటే డురాన్ కొట్టిన దెబ్బేనా?

స్కాట్లాండ్ లైట్‌వెయిట్ (సుమారు 61 కిలోల విభాగం) బాక్సర్ కెన్ బుకానన్ గురించి వెతికితే, 1972లో పనామా బాక్సర్ రాబర్టో డురాన్ నడుము కింద కొట్టిన దెబ్బ ఒక్కటే కనిపిస్తోందని, అంతకు మించి ఆయన కెరీర్‌లో ఏమీ లేదా అని ఒకరు అడిగారు. ఎందుకు లేదు! నన్నడిగితే, ఆ దెబ్బకు 21 నెలల ముందే ఆయన తన జీవితంలోని అసలు పోటీ ఆడేశారు.

నేను కాలేజీ రోజుల్లో విశాఖపట్నంలో 60 కిలోల విభాగంలో ఆడేవాణ్ణి. ఒకసారి మే నెలలో ఆరుబయటే రింగ్ కట్టారు. మూడు రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. రెండో రౌండుకే నాలుక అంగిలికి అంటుకుపోయింది. విరామంలో మా నాన్న తాళ్ల అవతల నిలబడి తువ్వాలుతో విసురుతూనే ఉన్నారు. అయినా ఓడిపోయాను.

1970 సెప్టెంబరు 26న ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో బుకానన్ ఆడినది 15 రౌండ్లు, అంటే 45 నిమిషాలు, అదీ మండుటెండలో. ఎదురుగా ప్రపంచ ఛాంపియన్ ఇస్మాయెల్ లగూనా. ఆయనది పనామా, ఎండ కొత్త కాదు. బుకానన్ ఎడిన్‌బరోలో వడ్రంగం పని నేర్చుకున్న కుర్రాడు. రౌండుకీ రౌండుకీ మధ్య తండ్రి ఆయన తలపై గొడుగు పట్టారు. ఎడమచేతి జాబ్‌తో (చేయి సూటిగా చాచి కొట్టే చురుకైన దెబ్బ), ఆగని కాళ్లతో పోటీ లాక్కొచ్చి, పాయింట్లు వేసిన ముగ్గురిలో ఇద్దరి మొగ్గుతో గెలిచారు. ఆ గొడుగు సంగతి చదివినప్పుడల్లా నాకు నాన్న తువ్వాలు గుర్తొస్తుంది.

ఇంత చేసి గెలిస్తే బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ఆ టైటిల్‌ను గుర్తించలేదు! ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థలు రెండు: అది డబ్ల్యూబీఏ టైటిల్, తాము దాని పోటీ సంస్థ డబ్ల్యూబీసీ వైపు అన్నది వారి లెక్క. దాంతో ఆయన పేరు అమెరికాలోనే ఎక్కువ మోగింది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముహమ్మద్ అలీ, ఆస్కార్ బొనవేనా తలపడిన రోజున బుకానన్ కూడా అక్కడే ఆడారు. డ్రెస్సింగ్ గదిలో సుద్దతో గీత గీసి, దాటి రావద్దని అలీకి చెప్పానని ఆయనే సరదాగా చెప్పుకునేవారు.

ఇక డురాన్ సంగతి. 13వ రౌండు ముగుస్తుండగా దెబ్బ తగిలింది, రిఫరీ పోటీ ఆపి డురాన్‌ను విజేతగా ప్రకటించారు. నాకూ ఒకసారి అక్కడే తగిలింది. లోపల గార్డు ఉన్నా కాసేపు కాళ్లు మన మాట వినవు. కాబట్టి నా సానుభూతి పూర్తిగా బుకానన్‌కే. కానీ మొదటి రౌండులోనే ఆయన కింద పడ్డారు, పాయింట్లలోనూ డురానే ముందున్నాడు. అందుకే నాకు దెబ్బ కన్నా ఎక్కువ బాధ కలిగించేది, డురాన్ మళ్లీ తలపడేందుకు ఒక్క అవకాశమైనా ఇవ్వకపోవడం.

ఆ తర్వాతా ఆయన డీలా పడిపోలేదు. అదే ఏడాది మాజీ ఛాంపియన్ కార్లోస్ ఓర్టిజ్‌ను, 1973లో గ్లాస్గోలో జిమ్ వాట్‌ను ఓడించారు. ఈ వాట్ తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. బుకానన్ 2023లో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాది ఎడిన్‌బరోలోని లీత్‌లో ఆయన విగ్రహం పెట్టారు.

వీడియోలు చూడాలనుకుంటే లగూనా పోటీతో మొదలుపెట్టండి. చివరి రౌండ్లలో ఆయన ఎడమచేతి మీద ఓ కన్నేసి ఉంచండి. నాదైతే రెండో రౌండుకే నడుము దగ్గరికి దిగిపోయింది.